తోటలకు వీపు పెట్టి నిలబడ్డ ఉద్యోగం

ఇంగ్లండులో నేను చూడని పెద్ద తోట లేదని మా బంధువులు గొప్పగా చెప్పుకుంటారు. నేను కాదనను. కానీ ఆ తోటలన్నిటికీ నేను వీపు పెట్టి నిలబడ్డానన్న సంగతి వాళ్ళకి తెలియదు. టూర్ మేనేజరు చూడాల్సింది తోటని చూస్తున్నవాళ్ళని. ఎవరికి మోకాలు నొప్పి మొదలైంది, ఎవరికి ఆకలేస్తోంది, ఎవరి చెయ్యి గులాబీ కొమ్మ మీదికి వెళ్తోంది, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారు. ఇవన్నీ మొహాల్లోనే కనిపిస్తాయి. పూలు మనం చూడకపోయినా పూస్తాయి.

నేను రిటైరయ్యాక, టూరిజం చదువుకుంటున్న పిల్లలు కొందరు నన్ను వెతుక్కుంటూ కొవ్వూరు వస్తున్నారు. ఏ కోర్సు చెయ్యాలి, ఏ భాష నేర్చుకోవాలి అని అడుగుతున్నారు. వాళ్ళకి ఇచ్చే జవాబు ఒక్క కాఫీలో పూర్తి కావడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయడానికేం లేదు. మా ఆఫీసులో ఉన్నవి రెండే హోదాలు. ఒకటి ఓనరు, రెండోది మిగతావాళ్ళం.

ప్రయాణం పడని యజమాని

మా ఓనరు గుప్త గారు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఉన్న కుటుంబం. దుకాణం అన్నగారికి వదిలేసి ఈయన టూర్ల వ్యాపారం పెట్టారు. ఆయనకి ప్రయాణం పడదు. బస్సెక్కితే వాంతి, రైలెక్కితే తలనొప్పి, లాంచీ ఒడ్డున కట్టేసి ఉన్నా కళ్ళు తిరుగుతాయి. విమానం గురించి మాట్లాడుకుంటుంటే చాలు, డ్రాయరులోంచి నిమ్మకాయ తీసి వాసన చూసేవారు. కాశీ నుంచి కేదార్‌నాథ్ దాకా జనాన్ని పంపించిన మనిషి తాను మాత్రం ధవళేశ్వరం దాటి వెళ్ళినట్టు నేను వినలేదు.

ఓ రోజు నన్ను పిలిచి, "అనసూయ గారూ, ఈ వేసవిలో మనవాళ్ళని ఇంగ్లండు తోటలు, పూల ప్రదర్శనలు చూపించడానికి తీసుకెళ్తున్నారండి" అన్నారు.

"ఎవరండి?"

"మీరేనండి."

"మనవాళ్ళంటే ఎవరండి?"

"కడియం నర్సరీల వాళ్ళు."

నాకు నవ్వొచ్చింది. కడియంలో రోడ్డు దిగితే మొక్క, ఇల్లు దాటితే మొక్క. దేశంలో ఏ మూల పార్కు వేసినా లారీ ఇక్కడినుంచే బయల్దేరుతుంది. "పొద్దున లేస్తే మొక్కల మధ్య ఉండేవాళ్ళు, మళ్ళీ మొక్కలు చూడ్డానికి విమానం ఎక్కుతారాండి?" అన్నాను.

"చీరల కొట్టువాడు వేరే ఊళ్ళో ఇంకో చీరల కొట్టు కనపడితే ఎంతసేపు నిలబడతాడో మీకు తెలీదండి" అన్నారు గుప్త గారు.

ఆయన మాటే నిజమైంది. ఆ టూరు ఏటా నిండేది. ప్రయాణం చెయ్యకుండా ప్రయాణికుణ్ణి అర్థం చేసుకున్న మనిషిని నేను ఆయన్నొక్కర్నే చూశాను. ఆయనకున్న విద్యల్లా ఒకటే. ఫిర్యాదు చెయ్యడానికి ఎవరొచ్చినా కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, మధ్యలో ఒక్క మాట మాట్లాడకుండా చివరిదాకా వినేవారు. మీరూ అది నేర్చుకోండి. ఆయన దగ్గర నేర్చుకోకూడనిదీ ఒకటుంది. ముందే చెప్పాల్సిన విషయాన్ని చెప్పేవారు కాదు. ఎందుకు చెప్పలేదండీ అంటే, "చెప్తే మీరు వద్దంటారు కదండి" అనేవారు. దాని ఫలితం ఏంటో తర్వాత చెప్తాను.

నేను చదివిన చదువు

మొదటి టూరుకి ముందు నేను రాత్రింబవళ్ళు చదివాను. ఏ తోట ఏ రాజు కాలంలో వేశారు, ఏ మొక్కకి లాటిన్‌లో ఏం పేరు, అన్నీ. హోటల్ రిసెప్షన్‌లో పనిచేసి వచ్చినదాన్ని, తోటల గురించి ఏమీ తెలియదనిపించుకోకూడదని పంతం. మొదటి తోట గేటు దగ్గర నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండో రాజు దగ్గరికి వచ్చేసరికి వెనక వరస పచ్చిక మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పింది. మూడో రాజు దగ్గర ముందు వరస కూడా కూర్చుంది.

వాళ్ళకి కావలసిన ప్రశ్నలు వేరు. ఎకరాల కొద్దీ కత్తిరించిన పచ్చికని చూపిస్తే ఒకాయన, "ఇందులో ఏం పండిస్తారండి?" అన్నారు. ఏమీ పండించరండి, చూడ్డానికేనండి అన్నాను. "ఎవరు చూస్తారండి?" అన్నారు. ఇప్పుడు మనం చూస్తున్నాం కదండి అన్నాను. ఆయన కాసేపు మర్యాదగా పచ్చికని చూసి, "చూశానండి, పదండి" అన్నారు. ఇంకో తోటలో గడ్డీ అడవిపూలూ కలిసి మోకాలెత్తు పెరిగిన చోటికి తీసుకెళ్ళాను. అది కావాలని అలా పెంచిన తోట, పెద్ద పేరున్నది. మా బృందం అంతా గుసగుసలాడుకున్నారు. చివరికి ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "పాపం, కలుపు తియ్యడానికి మనుషులు దొరకట్లేదాండి వీళ్ళకి?" అంది.

ఆ తర్వాత నేను రాజుల్ని వదిలేశాను. మట్టి ఎలాంటిది, నీళ్ళు ఎలా పెడతారు, పనివాళ్ళు ఎంతసేపు పనిచేస్తారు, ఈ మూడూ తెలుసుకుని చెప్పేదాన్ని. ఎదురుగా చెవులు నిక్కబొడుచుకునేవి. ఎదుటివాళ్ళకి అక్కర్లేని చదువు మీ దగ్గర ఎంతున్నా బరువేనని అప్పుడు తెలిసింది.

ఇంకో కష్టం చేతులు. నర్సరీవాడి చేతికి కొమ్మ కనపడితే గిల్లాలనిపిస్తుంది. అది దొంగతనం అన్న ఆలోచన కూడా వాళ్ళకి ఉండదు. పక్కింటి పెరట్లో కరివేపాకు తెంచుకున్నంత సహజం. అందుకని ప్రతి గేటు దగ్గరా "చేతులు వెనక్కి కట్టుకోండి" అని చెప్పేదాన్ని. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, తల కాస్త వంచి, వరసగా నడిచేవాళ్ళు. ఒక తోట పెద్దమాలి ఇది చూసి కదిలిపోయాడు. "తోటని ఇంత భక్తిగా చూసేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు" అని నాతో అన్నాడు. నేను థాంక్స్ చెప్పి ఊరుకున్నాను.

అసలు, అసలు పాత

ఇక గుప్త గారు చెప్పని విషయం. ఓ ఏడాది మే నెలలో బయల్దేరుతున్నాం. రాజమండ్రి విమానాశ్రయంలో బృందాన్ని కూడగడుతున్నాను. కడియం నుంచి వెంకన్నబాబు గారు, ఆయన భార్య సీతమ్మ గారు ముందొచ్చారు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, పెద్దమనిషి. కాసేపటికి ఆయన పోలికలే ఉన్న ఇంకొకాయన, కాస్త చిన్నవాడు, భార్యతో వచ్చారు. రాంబాబు గారు, భవాని. రాంబాబు గారు వెంకన్నబాబు గార్ని చూసి, ట్రాలీ అక్కడే వదిలేసి, వెనక్కి తిరిగి గుమ్మం దాకా వెళ్ళిపోయారు. భవాని వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"ఆయన వస్తున్నట్టు చెప్పలేదేంటండి?" అని రాంబాబు గారు నన్ను నిలదీశారు.

"వాడు వస్తున్నట్టు చెప్పలేదేంటండి?" అని అటువైపు నుంచి వెంకన్నబాబు గారు.

వాళ్ళిద్దరూ సొంత అన్నదమ్ములు. తండ్రి పేరున ఒకే నర్సరీ ఉండేది. విడిపోయి, మధ్యలో కంచె వేసుకుని, చెరో బోర్డు పెట్టుకున్నారు. అన్నగారి బోర్డు మీద తండ్రి పేరు ముందు 'అసలు' అని ఉంటుంది. తమ్ముడి బోర్డు మీద 'అసలు పాత' అని ఉంటుంది. ఏళ్ళ తరబడి మాటల్లేవు. హైదరాబాదులో విమానం మారేచోట గుప్త గారికి ఫోన్ చేశాను.

"మీకు ముందే తెలుసాండి?"

"తెలుసండి. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసే వచ్చి బుక్ చేసుకున్నారు. మొగుళ్ళకి చెప్పొద్దన్నారు."

"నాకైనా చెప్పాలి కదండి."

ఆయన ఏమన్నారో మీకు తెలుసు.

నా నోటి మీదుగా

తిట్టుకునే ఇద్దరు బృందంలో ఉంటే బస్సులో దూరంగా కూర్చోబెడితే సరిపోతుంది. మాట్లాడుకోని ఇద్దరుంటే అలా కుదరదు. వాళ్ళ మాటలన్నీ మీ నోటి మీదుగా వెళ్తాయి.

"మేడమ్, ఆ ముందు సీటాయన్ని కిటికీ మూసుకోమనండి."

"కిటికీ మూసుకోమంటున్నారండి మీ తమ్ముడు గారు."

"నాకు ఉక్కగా ఉందని చెప్పండి."

"ఉక్కగా ఉందటండి."

"ఇంగ్లండులో ఉక్క ఏంటో అడగండి."

బస్సు డ్రైవరు పేరు గ్యారీ. మనవాళ్ళు డ్రైవర్నైనా మర్యాదగానే పిలుస్తారు కాబట్టి గ్యారీ గారు అయ్యాడు. మొదట్లో తన పేరు రెండుసార్లు పిలుస్తున్నారనుకుని రెండుసార్లు పలికేవాడు. ఒకరోజు అద్దంలో నన్ను చూసి, ఆ ఇద్దరూ వేర్వేరు భాషలవాళ్ళా, మధ్యలో మీరు తర్జుమా చేస్తున్నారు అని అడిగాడు. ఒకే తల్లి పిల్లలని చెప్పాను. అద్దం సరిచేసుకుని, ముందుకి చూస్తూ బస్సు నడిపాడు.

ఆ బస్సులో నాకు తోడున్న మనిషి మంగాయమ్మ గారు. కాకినాడలో చేపల వ్యాపారం. భర్త పడవ మీద, ఆవిడ మార్కెట్లో, అలా మొదలై ఇప్పుడు ఆవిడ సరుకు చాలా ఊళ్ళకి వెళ్తుంది. ఈ టూరుకి ఎందుకొచ్చారండి అని అడిగితే, "పుట్టినప్పట్నుంచీ చేపల వాసనేనండి. ఓ పదిరోజులు పూల వాసన చూసొద్దామని" అంది. ఆవిడ గొంతు పెద్దది. సముద్రం ఒడ్డున గాలికి ఎదురుగా మాట్లాడి అలవాటైన గొంతు. తోటలో ఎవరైనా దారి తప్పితే నేను ఫోన్ చేసేదాన్ని కాదు, ఆవిడకి చెప్పేదాన్ని.

రాంబాబు గార్ని ఒకసారి టీ తాగేచోట అడిగాను, అసలేం జరిగిందండీ అని.

"ఓ లోడు మొక్కలు నాగపూర్ వెళ్ళేసరికి సగం వాడిపోయాయండి. ఆ లోడుకి నీళ్ళు పెట్టించింది నేను. మా అన్నయ్య లారీ డ్రైవరు ముందు, వీడికి మొక్కకి నీళ్ళు పొయ్యడం కూడా చేతకాదు అన్నాడండి."

"అంతేనాండి?"

ఆయన నావంక బాధగా చూశారు. "కడియంలో పుట్టినవాణ్ణండి నేను."

వెంకన్నబాబు గార్ని విడిగా అడిగితే, "అన్నానండి. కోపంలో అన్నాను. ఆరోజు నుంచీ మాట్లాడటం మానేశాడు. పెద్దవాణ్ణి, నేనెలా మొదలెడతానండి?" అన్నారు.

వాళ్ళ భార్యలిద్దరి మధ్యా మాత్రం ఏ కంచే లేదు. ఒక పల్లెటూళ్ళో ఓ పెద్దావిడ తన సొంత తోట చూపించి మాకు టీ ఇచ్చింది. బదులుగా ఏదైనా ఇవ్వాలని సీతమ్మ గారు సంచిలోంచి పూతరేకుల పెట్టె తీశారు. అదే నిమిషంలో భవాని కూడా తన సంచిలోంచి పెట్టె తీసింది. రెండూ ఆత్రేయపురంలో ఒకే కొట్టువి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా పెట్టెలు పక్కపక్కన పెట్టారు. ఆ పెద్దావిడ పూతరేకుని తీసుకుని, చుట్టి ఉన్నది కాగితమనుకుని, పొర పొరా జాగ్రత్తగా విప్పి, మడతపెట్టి పళ్ళెం అంచున ఉంచింది. లోపల మిగిలిన చక్కెరపొడిని చెంచాతో తిని, చాలా బాగుందంది.

"అయ్యో, అదే కదండీ తినాల్సింది" అన్నారు సీతమ్మ గారు తెలుగులోనే.

నేను చెప్పగా ఆవిడ ఆ మడతపెట్టిన పొరలు కూడా తినేసింది. మర్యాద ఎవరి సొత్తూ కాదనిపించింది.

గంట మోగాక

టూరులో చివరి మెట్టు లండన్‌లో జరిగే పెద్ద పూల ప్రదర్శన. మేము వెళ్ళింది ఆఖరి రోజు. ఆ రోజు సాయంత్రం గంట కొడతారు. కొట్టగానే, అప్పటిదాకా ముట్టుకోకూడదని తాడు కట్టి ఉంచిన మొక్కలన్నీ అమ్మేస్తారు. అంతవరకూ వానలో గొడుగులు పట్టుకుని ఒకరికొకరు సారీలు చెప్పుకున్న దొరలు, దొరసానులు ఆ గంటతో మోచేతులు బయటికి తీస్తారు.

మనవాళ్ళకి ముందే గట్టిగా చెప్పాను. మొక్కలు విమానంలో తీసుకెళ్ళడం కుదరదు. తగిన ధ్రువపత్రాలు లేకపోతే విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. చూడండి, ఫొటో తీసుకోండి, కొనకండి. అందరూ తలూపారు. నర్సరీవాళ్ళకి ఆ నిబంధనలు నాకంటే బాగా తెలుసు.

గంట కొట్టేముందు డెల్ఫీనియం అనే పూల దగ్గర రాంబాబు గారు కదలకుండా నిలబడి ఉన్నారు. అది మన వేడికి బతికే మొక్క కాదు. మనిషి ఎత్తున నిటారుగా లేచిన కాడలు, కాడ పొడుగునా నీలం పూలు. ఆ నీలం నేను ఏ చీర మీదా చూడలేదు. ఆ కుండీకి అటుపక్క వెంకన్నబాబు గారు నిలబడి ఉన్నారు. ఆయనా కదలడం లేదు.

"మేడమ్, ఇది నేను తీసుకుంటున్నానని చెప్పండి" అన్నారు రాంబాబు గారు.

"నేను ముందే చూశానని చెప్పండి" అన్నారు అన్నగారు.

"తీసుకుని ఏం చేస్తారండి మీరిద్దరూ? హైదరాబాదు దాకా కూడా రాదు కదండి" అన్నాను.

గంట మోగింది. వెనకనుంచి జనం తోసుకొచ్చారు. పూల టోపీ పెట్టుకున్న ఒకావిడ ఆ కుండీ మీద చెయ్యి వేసింది. దుకాణం అతను, ఎవరిది ఇది, త్వరగా చెప్పండి అన్నాడు. నేను అటూ ఇటూ చూస్తుంటే మంగాయమ్మ గారు జనాన్ని చీల్చుకుని వచ్చి, చేపల వేలంలో గంప మీద వేసినట్టు కుండీ మీద అరచెయ్యి వేసి, "ఇద్దరిదీను. ఇటివ్వమనండి" అంది. తెలుగులోనే అంది. పూల టోపీ ఆవిడ చెయ్యి తీసేసింది.

కుండీ రెండు చేతులా ఎత్తితే గానీ లేవని బరువు. పైగా కాడలు ఊగితే విరిగిపోతాయి. ఒకరు కుండీ ఎత్తాలి, ఇంకొకరు కాడల్ని పైన కలిపి పట్టుకోవాలి, ఇద్దరి అడుగూ కలవాలి. తమ్ముడు కుండీ ఎత్తారు. అన్న కాడలు పట్టుకున్నారు. బస్సు చాలా దూరంలో ఉంది. నేను వాళ్ళకి ఎదురుగా, వెనక్కి వెనక్కి నడుస్తూ దారి చెప్తున్నాను.

"కొంచెం నెమ్మదిగా నడవమనండి."

"నెమ్మదిగానటండి."

"పైన వంచొద్దని చెప్పండి."

"వంచొద్దటండి."

"వంచట్లేదు, గాలని చెప్పండి."

"గాలటండి."

వెనక్కి నడుస్తూ నేను ఒక పోలీసాయన్ని గుద్దుకున్నాను. ఆయన నన్నూ, వెనక నీలం పూల కింద నడుస్తున్న ఇద్దరు తెల్లచొక్కాల పెద్దమనుషుల్నీ చూసి, ఏదో పెళ్ళి ఊరేగింపు అనుకున్నాడో ఏమో, చెయ్యి అడ్డం పెట్టి వచ్చే కార్లన్నీ ఆపేశాడు. మేము రోడ్డు దాటేదాకా లండన్ ఆగింది.

బస్సులో ఆ మొక్కకి ముందు సీటు ఇచ్చి గ్యారీ గారు బెల్టు పెట్టాడు. ఇప్పుడు దీన్ని ఏం చేస్తారు అని అడిగాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అన్నదమ్ములిద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. కొన్నాక గానీ వాళ్ళకీ తట్టలేదనుకుంటాను. గ్యారీ కాస్త ఆలోచించి, రేపు విమానాశ్రయానికి వెళ్ళే దారిలోనే మా అమ్మ ఇల్లు, పెరట్లో కొంచెం చోటుంది అన్నాడు.

మార్గరెట్ గారి పెరడు

గ్యారీ తల్లి మార్గరెట్ గారు పొడుగ్గా, సన్నగా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉంది. మా బస్సు ఆ సందులో పట్టలేదు. అందరం దిగి, మొక్కని ఊరేగించుకుంటూ వెళ్ళాం. పెరడు మన పడకగదంత ఉంటుంది. బట్టలు ఆరేసే తీగ, ఓ గులాబీ, రెండు వరసల ఉల్లిపాయలు. ఆవిడ గేటు పక్క చోటు చూపించింది.

"అక్కడ నీడ పడుద్దని చెప్పండి" అన్నారు వెంకన్నబాబు గారు.

"గోడవార వేస్తే గాలి కూడా తగలదని చెప్పండి" అన్నారు రాంబాబు గారు.

ఇద్దరూ గోడవారే అంటున్నారని నాకు అర్థమైంది. వాళ్ళకి అర్థమైందో లేదో తెలీదు. మార్గరెట్ గారు కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ చూసి, వీళ్ళు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నారని నన్ను అడిగింది. చాలా ఏళ్ళయిందండి అన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి పార తెచ్చింది. నా దగ్గర ఉన్నది ఒకటే అంది.

అన్నగారు పార తీసుకుని తవ్వారు. తమ్ముడు మొక్కని కుండీలోంచి తీసి, వేళ్ళు విదిలించి, గుంటలో నిలబెట్టారు. అన్న మట్టి లాగారు. తమ్ముడు మోకాళ్ళ మీద కూర్చుని మట్టిని అరచేతుల్తో నొక్కారు. ఆ పని జరుగుతున్నంతసేపూ ఎవరూ నన్నేమీ చెప్పమనలేదు. చిన్నప్పట్నుంచీ కలిసి చేసిన పని, దానికి మాటలు అక్కర్లేదు. సీతమ్మ గారూ భవానీ తీగ మీద ఆరేసిన తువ్వాలు వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

తర్వాత నీళ్ళు. మార్గరెట్ గారు నీళ్ళ డబ్బా తెచ్చి అక్కడ పెట్టింది. అది వెంకన్నబాబు గారికి దగ్గరగా ఉంది. ఆయన దాన్ని ఎత్తి, ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, తమ్ముడికి అందించారు. రాంబాబు గారు తీసుకుని మొదలు చుట్టూ పోశారు. సన్నగా, ఆకు తడవకుండా, గుండ్రంగా పోశారు. మంగాయమ్మ గారితో సహా బస్సంతా నోరు మూసుకుని చూస్తోంది.

"ఇంకాస్త పొయ్యి" అన్నారు వెంకన్నబాబు గారు.

నేను అలవాటుకొద్దీ రాంబాబు గారి వైపు తిరిగి, "ఇంకాస్త పొయ్యమంటున్నారండి" అన్నాను.

"వినపడిందండి" అన్నారాయన. డబ్బా కింద పెట్టలేదు, నీళ్ళూ పొయ్యలేదు. తల ఎత్తకుండానే, "చాలు అన్నయ్యా. ఇది జిగురునేల. ఎక్కువైతే వేరు కుళ్ళిపోద్ది" అన్నారు.

"కుండీ మొక్కరా అది. మొదటి తడి నిండా ఇవ్వాలి."

"ఇచ్చాను కదా."

"ఏం ఇచ్చావు, చెంచాడు?"

"నీళ్ళ సంగతి నాకు చెప్పకు."

"నేను కాకపోతే ఎవరు చెప్తార్రా నీకు?"

గొంతులు లేచాయి. పక్కింటి కిటికీ తెరుచుకుంది. మార్గరెట్ గారు కంగారుపడి, పోట్లాడుకుంటున్నారు, ఎవరైనా ఆపండి అంది. లేదండి, ఇప్పుడే బాగయ్యారు అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. తువ్వాలు వెనక సీతమ్మ గారి భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో వెళ్ళి చూడలేదు. టూర్ మేనేజరు చూడకూడనివి కూడా కొన్ని ఉంటాయి.

గ్యారీ వాచీ చూపించాడు. బస్సెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఇద్దరూ మార్గరెట్ గారికి ఎండాకాలంలో ఎలా నీళ్ళు పెట్టాలో చెరోరకంగా చెప్తున్నారు. రెండూ నేను తర్జుమా చేశాను. మూడోది ఆవిడ తనకి తోచినట్టు చేసుంటుందని నా నమ్మకం.

తిరుగు ప్రయాణం

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది చదివి, టూర్ మేనేజరు మనుషుల్ని కలపాలని అనుకునే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని పెట్టుకోకండి. నేను వాళ్ళని కలపలేదు. కలపాలనుకున్నది వాళ్ళ భార్యలు, వాళ్ళు కూడా ఒక్క మాటైనా సర్దిచెప్పలేదు. ఒక విమానంలో, ఒక బస్సులో పదిరోజులు కూర్చోబెట్టి ఊరుకున్నారు. నేను చేసిందల్లా అన్న మాట అన్నట్టు చేరవెయ్యడం. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తగ్గించలేదు. అంతకు మించి తెలివి చూపించి ఉంటే అక్కడే చెడిపోయేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

విమానంలో ఆడవాళ్ళిద్దరూ సీట్లు మార్చుకుని ఒకచోట కూర్చున్నారు. దాంతో అన్నదమ్ములు పక్కపక్కన పడ్డారు. లండన్ నుంచి హైదరాబాదు దాకా నీళ్ళ గురించే. మధ్యలో ఎప్పుడో నాగపూర్ లోడు వచ్చింది. డ్రైవరు దారిలో టార్పాలిన్ కప్పలేదని తమ్ముడు, కప్పాడని అన్న. దుప్పటి కప్పుకున్న మంగాయమ్మ గారు ఒకసారి లేచి, "కప్పాడో లేదో ఆ డ్రైవర్నే అడుగుదురుగాని, కాస్త నిద్రపోనివ్వండి బాబూ" అంది. ఆ గొంతుకి ముందు వరసల్లో ఉన్న ముగ్గురు నలుగురు లేచి బెల్టులు పెట్టుకున్నారు.

రాజమండ్రిలో దిగాం. బయట ఎండ. కడియం నుంచి రెండు కార్లు వచ్చి, మర్యాదకి ఒకదానికొకటి దూరంగా ఆగి ఉన్నాయి. సామాను ఎవరిది వాళ్ళ కార్లో ఎక్కింది. సీతమ్మ గారు నా చేతులు పట్టుకుని, గట్టిగా నొక్కి వదిలేశారు. అన్నదమ్ములు మాత్రం నాకు వెళ్ళొస్తామని చెప్పడం కూడా మర్చిపోయారు.

"టార్పాలిన్ కప్పితే మొక్క ఉడికిపోద్ది అన్నయ్యా."

"తడిపి కప్పాలిరా. పొడిగుడ్డ కప్పమని నేనెప్పుడన్నాను?"

అలా అనుకుంటూనే రాంబాబు గారు తన కారెక్కి తలుపు వెయ్యబోయారు. మాట పూర్తికాలేదని వెంకన్నబాబు గారు ఆ తలుపు పట్టుకుని, మాట్లాడుతూనే పక్కన ఎక్కి కూర్చున్నారు. తలుపు పడింది. కారు కదిలింది. ముందు సీట్లో భవాని వెనక్కి తిరిగి చూడకుండా నిటారుగా కూర్చుంది.

అన్నగారి కారు అక్కడే ఉంది. అందులో సీతమ్మ గారు ఒక్కరే ఉన్నారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ కారు డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మా అయ్యగారు ఆ కార్లో ఎక్కేశారేంటండి? చూసుకోలేదేమోనండి. ఫోన్ చెయ్యమంటారా?"

"వద్దు బాబూ" అన్నాను. "నువ్వు వెనకాలే వెళ్ళు. కాస్త దూరంగా వెళ్ళు. హారన్ కొట్టకు."